పసుపు రాస్తే జోకు, తెలుపు రాస్తే నిజం

ఆలేరులో కేబుల్ సినిమా కింద పరుగెత్తే అక్షరాలు కొట్టినవాణ్ణి నేనే. ఎనిమిదో తరగతి సగంలో బడి మానేసినవాడి రాతను ఊరంతా రోజుకు రెండుపూటలా తలెత్తి చదివింది. నా చేతిరాత చూసి కోడి గెలికినట్టుందన్న తెలుగు పంతులు కూడా చదివాడు, ఆయనింట్లోనూ కనెక్షన్ ఉంది. ఒకప్పుడు ఈ సంగతి చెప్పుకుని మురిసిపోయేవాణ్ణి. ఇప్పుడు ఎవరైనా అడిగితే, కేబుల్‌లో వైర్లు లాగేవాణ్ణని చెప్తాను. అది కూడా అబద్ధం కాదు.

బడి మానేశాక నేను చేరింది రేడియోలు బాగుచేసే ఒక భాయ్ దగ్గర. స్టేషన్ గేటు అవతల చిన్న దుకాణం. రేడియో ఇంట్లో ఉంచుకోవాలంటే పోస్టాఫీసులో లైసెన్సు పుస్తకం తీసుకోవాల్సిన కాలంలో ఆయన దుకాణం పెట్టాడు. తర్వాత సర్కారు ఆ లైసెన్సు ఎత్తేసింది. టీవీలు వచ్చాయి, యాంటెనాలు ఎక్కించాం, ఆ తర్వాత ఆయన డిష్ కొని ఇండ్లకు కేబుల్ ఇచ్చాడు. కేబుల్ నడిపేవాళ్లంతా పోస్టాఫీసులో రిజిస్టర్ చేసుకోవాలని చట్టం వచ్చిన రోజు భాయ్ ఆ కిటికీ ముందు నిలబడి నావైపు తిరిగి అన్నాడు.

"అరే తమ్మి, రేడియోకు గీ కిటికే. కేబులుకు గీ కిటికే. రేపు చందమామ మీద టీవీ పెట్టినా మనల్ని గిక్కడికే పంపుతరు సూడు."

"అప్పుడు గూడ గీ క్లర్కే ఉంటడు భాయ్," అన్నాను. క్లర్కు తలెత్తలేదు. జిగురు అయిపోయిందని మాత్రం చెప్పాడు.

కంప్యూటర్‌ను సికింద్రాబాద్‌లో ఎవరో వాడేసినది కొన్నాం. ప్యాసింజర్ రైల్లో నేనూ భాయ్ చెరో పెట్టె ఒళ్లో పెట్టుకుని పసిపిల్లల్ని తెచ్చినట్టు తెచ్చాం. డిష్ కింద గదిలో పెట్టాం. దుమ్ము పడితే చచ్చిపోతుందని ఎవరో చెప్పారు, అందుకని చెప్పులు బయట విడిచి రావాలని భాయ్ హుకుం. ఊళ్లో ఎన్నో గడపలుండగా మా గడప ముందు చెప్పుల కుప్ప చూసి కొత్తవాళ్లు లోపల ఎవరో పోయారనుకునేవారు. దసరాకు మా లైన్‌మాన్ దానికి కుంకుమబొట్టు పెట్టబోతే భాయ్, "పెట్టు గనీ జర పక్కకు పెట్టు, అక్షరాలు కనవడాలె," అన్నాడు.

ఆ కంప్యూటర్ చేసే పని ఒక్కటే. సినిమా నడుస్తుండగా తెర అడుగున అక్షరాల్ని కుడి నుంచి ఎడమకు పరుగెత్తించడం. నల్లా నీళ్లు ఎప్పుడు వస్తాయి, కరెంటు ఎప్పుడు పోతుంది, ఎవరి దశదినకర్మ ఎప్పుడు, ఎవరి ఎద్దు తప్పిపోయింది, ఇలాంటివి. అంతకుముందు ఈ కబుర్లన్నీ డప్పు సాటింపుతో తెలిసేవి. సాటింపు వేసే ముసలాయన మా గదికి వచ్చి కాసేపు చూసి, "దీనికి నోరు నొయ్యదు గద," అని వెళ్లిపోయాడు.

తెలుగులో టైపు కొట్టడం మాలో ఇంకెవరికీ రాదు. నాకే వచ్చింది. ఎలా వచ్చిందో చెప్పాలంటే సార్ గురించి చెప్పాలి.

స్టేషన్ రోడ్డులో సార్‌ది టైపు ఇన్‌స్టిట్యూట్. రేకుల కొట్టం, పదకొండు మిషన్లు, అందులో ఒకటే తెలుగుది. పొద్దున ఆరు నుంచి రాత్రి ఎనిమిది దాకా గంటకో బ్యాచ్. లోయర్, హయ్యర్ టైపు పరీక్షలు పాసైన పిల్లలు కచేరీల్లో, బ్యాంకుల్లో కుదురుకున్నారని ఆయన గోడ నిండా ఫోటోలు. నేను మిషన్ల అక్షరాలకు పట్టిన మురికి పాత బ్రష్షుతో, కిరసనాయిలుతో తోమేవాణ్ణి, రిబ్బన్లు మార్చేవాణ్ణి. దానికి బదులుగా మధ్యాహ్నం ఖాళీ గంటలో తెలుగు మిషన్ నాకు వదిలేసేవాడు. వేళ్ల మీద తువ్వాల కప్పి, చూడకుండా కొట్టమనేవాడు.

"చూసి కొడితే నువ్వు కొట్టినట్టు. చూడకుండ కొడితే మిషన్ కొట్టినట్టు. నీకు మిషనే నయం," అనేవాడు.

"మీరు చూసి నేర్పిన్రా, చూడకుండ నేర్పిన్రా సార్?"

"నిన్ను చూస్తె నేర్పేటోన్నే కాదు."

ఆయన అంతే. సన్నగా, పొడుగ్గా, చొక్కా జేబులో ఎప్పుడూ ఎర్ర పెన్సిలు. మాటకు మాట వెంటనే తగిలించేవాడు. ఊళ్లో నా నోటికి జవాబు చెప్పగలిగిన మనిషి ఆయనొక్కడే. అందుకే ఆయనంటే నాకు ఇష్టం, భయం, రెండూ ఉండేవి.

సాటింపుల మధ్య ఖాళీగా ఉంటోందని నేనే ఒకరోజు ఓ చురక కొట్టి వదిలాను. మర్నాటి నుంచి చిట్టీలు రావడం మొదలైంది. దుకాణం ముందు బిస్కెట్ డబ్బాకు మూతలో కంత పెట్టి కట్టాం. ఎవరికి ఏం తోచితే అది రాసి వేసేవారు. ఎవరి పేరూ ఉండదు. మధ్యాహ్నం సినిమాకు ముందు నేను డబ్బా విప్పి, బూతులు తీసేసి మిగతావి కొట్టేవాణ్ణి. ఏం రాసేవారని అడిగితే ఇప్పుడు నవ్వు రాదు కానీ అప్పుడు ఊరు ఊరంతా నవ్వింది.

"ప్రతి ఆఫీసుకు కంప్యూటర్ ఇస్తమని సర్కారు చెప్పింది. ముందు మా ఊరి బడికి కుర్చీ ఇయ్యుండ్రి, కంప్యూటర్ దాని మీద పెడ్తం."

"కంప్యూటర్ వస్తె లంచం ఉండదంట. లంచం తీసుకునేటాయన దాని ఎనకాలనే కూసుంటడు గద?"

"మధ్యాహ్నం హిందీ సీరియల్ల అత్త ఏడుస్తుంటె మా అత్త గూడ ఏడుస్తాంది. హిందీ మా అత్తకు రాదు. టీవోడే జవాబు చెప్పాలె."

దానికి రెండో రోజు ఇంకెవరో, "ఏడుపుకు ఏ భాష ఐతేంది," అని రాస్తే, మూడో రోజు, "మీ కోడలు రాసిందేమో అడుగు," అని ఇంకెవరో. రైలు దిగినవాళ్లు కూడా హోటల్లో చాయ్ తాగుతూ తెర అడుగునే చూసేవారు. సినిమాలో ఎవరు ఎవర్ని పొడిచారో ఎవరికీ గుర్తుండేది కాదు.

ఒకసారి ఎవరిదో చావు కబురు వెనకాలే ఈ అత్తల చిట్టీ పరుగెత్తింది. ఆ ఇంటివాళ్లు కొట్టడానికి వచ్చారు. అప్పుడు నేను ఒక ఏర్పాటు చేశాను, నా తెలివికి నేనే భుజం తట్టుకున్న ఏర్పాటు. సాటింపులన్నీ తెల్ల అక్షరాల్లో, సరదా చిట్టీలన్నీ పసుపు అక్షరాల్లో. వారం రోజులపాటు ఆ సంగతి కూడా అక్షరాల్లోనే పరుగెత్తించాం. పసుపు రాస్తే జోకు, తెలుపు రాస్తే నిజం. మా గదిలోని కలర్ టీవీలో ఎంత చక్కగా తేడా తెలిసేదో. భాయ్ చూసి, "నీకు చదువు లేదన్నోడెవడురా," అన్నాడు.

సార్ చిట్టీలు మాత్రం టైపు కొట్టి వచ్చేవి. పేరు లేకపోయినా అందరికీ తెలుసు. కంప్యూటర్ మీద ఆయనకు పగ. నేను కంప్యూటర్ తరఫు. ఆయన ఒకటి కొడితే నేనొకటి. ఊరికి అదొక పందెం.

"కరెంటు పోతే కంప్యూటర్ కళ్లు మూసుకొనును. టైపు మిషన్ కందిలి వెలుతురులో కూడా పని చేయును," అని ఆయన.

"టైపు మిషన్ చప్పుడుకు కందిలి తానే ఆరిపోవును," అని నేను.

"ఎనిమిదో తరగతిలో ఆరిపోయిన దీపాలు కందిలి గురించి మాట్లాడరాదు," అని ఆయన. ఆ రోజు బజార్లో నన్ను చూసినవాడల్లా, "దీపం, దీపం," అన్నాడు.

మధ్యాహ్నం ఇన్‌స్టిట్యూట్‌కు పోతే ఆయన ఏమీ ఎరగనట్టు రిబ్బను డబ్బా నా ముందుకు తోసేవాడు. ఇద్దరం ఆ చిట్టీల ఊసే ఎత్తేవాళ్లం కాదు. అదే మాకు పెద్ద ఆట.

ఆ ఏడు వానాకాలంలో భువనగిరిలో కంప్యూటర్ సెంటర్ తెరిచారు. ఏసీ గది, అద్దాల తలుపు. స్తోమత ఉన్న పిల్లలు పొద్దున రైలెక్కి అక్కడికి పోసాగారు. సార్ బ్యాచులు పలచబడ్డాయి. ఆయన దగ్గర మిగిలింది బీడీలు చేసేవాళ్ల పిల్లలు, మగ్గాలవాళ్ల పిల్లలు. ఒక మధ్యాహ్నం ఆయన పై ఆఫీసు నుంచి వచ్చిన ఇంగ్లీషు కాగితం నాకు చూపించాడు. నేను ఒక్కో అక్షరం కూడబలుక్కునేలోపు ఆయనే చెప్పేశాడు.

"ఈసారి పరీక్షకు ఇరవై మందిని కూసోవెట్టకుంటె ఇన్‌స్టిట్యూట్ గుర్తింపు రద్దంట. గుర్తింపు లేకుంటె పిల్లలను పరీక్షకు పంపరాదు. పరీక్ష లేకుంటె నా దగ్గరికి ఎవరొస్తరు, నీ అసుంటోడు తప్ప?"

"ఎంతమంది ఉన్నరు సార్?"

"ఇరవై రెండు. దసరా ముందు కడపటి తేదీ. గప్పటిదాంక ఎవడూ జారకుంటె సాలు."

ఆయన కాగితం మడిచి ఎర్ర పెన్సిలు పక్కన జేబులో పెట్టుకున్నాడు. ముప్పై ఏళ్లుగా ఆయన చేసింది ఆ ఒక్క పని. ఇంకోటి రాదు. "ఈ ఇరవై రెండు నాకు ఇరవై రెండు గోర్లనుకో," అన్నాడు. మనిషికి ఇరవయ్యే కదా సార్ అన్నాను. "రెండు ఎక్కువున్నయనే బతుకుతున్న," అన్నాడు.

ఇదంతా తెలిసి కూడా నేను ఆ పని చేశాను. అది మరిచిపోకుండా రాస్తున్నాను.

రెండ్రోజుల తర్వాత డబ్బాలో ఆయన చిట్టీ వచ్చింది. "భువనగిరి కంప్యూటర్ సెంటర్‌లో చేరినవారు ముందు చలికోటు కొనుక్కొనవలెను. చదువు తర్వాత సంగతి." బాగుంది. దీనికి దీటైన జవాబు ఇవ్వాలని గంటసేపు కూర్చున్నాను. చివరికి సాటింపు వరసలోనే కొడితే సార్‌కు గట్టిగా తగులుతుందనిపించింది. ఇలా కొట్టాను:

"స్టేషన్ రోడ్డులోని టైపు ఇన్‌స్టిట్యూట్ మిషన్లు తూకానికి అమ్మబడును. కావలసినవారు తక్కెడతో రాగలరు."

పసుపు రంగు పెట్టాను. భాయ్ చదివి పొట్ట పట్టుకున్నాడు. "తక్కెడతోనా! సార్ ఇయ్యాల అన్నం తినడు పో." మధ్యాహ్నం సినిమా మొదటి సగంలో నాలుగుసార్లు, రెండో సగంలో నాలుగుసార్లు పరుగెత్తింది. పగటి సినిమా ఎవరు చూస్తారు? చేటలు ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టే ఆడవాళ్లు చూస్తారు. ఆ ఆలోచన నాకు అప్పుడు రాలేదు.

మర్నాడు నేను ఇన్‌స్టిట్యూట్‌కు పోయేసరికి సార్ నవ్వుతున్నాడు. "తక్కెడ కాదురా, కాటా అనాలె. ఇనుము తక్కెడల తూగదు," అన్నాడు. ఇద్దరం తొలిసారి చిట్టీ గురించి మాట్లాడుకుని నవ్వుకున్నాం. అప్పుడే గుమ్మంలో ఒకామె నిలబడింది. బీడీలు చేసే ఆమె. కూతురు సార్ దగ్గర లోయర్ నేర్చుకుంటోంది. ఆ పిల్ల వేళ్లంత వేగం తాను చూడలేదని సార్ ఎప్పుడూ అనేవాడు.

"సార్, మా పిల్లను పంపుతలేను. మిషన్లు అమ్ముతున్నరంట గద."

"ఎవలన్నరమ్మా?"

"ఎవలనుడేంది సార్, టీవీల వచ్చింది."

సార్ నావైపు చూశాడు. నేను నవ్వాపుకుని, "అక్కా, అది జోకు. నేనే రాసిన," అన్నాను.

"నువ్వు రాస్తె జోకెట్లయితది తమ్మి? మొన్న నల్లా నీళ్లు రావని నువ్వే రాసినవ్. రాలే. మా మామ దినాలు నువ్వే రాసినవ్. మా మామ జోకా?"

 

"పసుపు రంగుల రాసిన అక్కా. పసుపు రాస్తె జోకు."

"ఏ పసుపు?" అంది ఆమె.

ఆమె వెళ్లాక మరో నలుగురు పిల్లలు రాలేదు. సాయంత్రానికి పాత ఇనుము కొనే అతను నిజంగానే కాటా భుజాన వేసుకుని వచ్చాడు. సార్ అతనికి మంచినీళ్లు ఇచ్చి పంపించాడు. ఆ పూట జోకేమీ వేయలేదు.

మర్నాడు ఆమెను నేను ఒప్పిస్తానని బయల్దేరాను. భాయ్‌కు చెప్పాను, సరిగ్గా సినిమా మొదలైన పావుగంటకు ఒక పసుపు వరస, ఒక తెల్ల వరస మార్చి మార్చి వదలమని. ఆమె ఇంటికి పోయి టీవీ పక్కన నిలబడ్డాను. ఒక్కటే గది. నలుగురు ఆడవాళ్లు గోడకు ఆనుకుని తునికాకు కత్తిరిస్తున్నారు. ఆ పిల్ల కూడా చేట ముందేసుకుని కూర్చుంది, నన్ను చూసి తల వంచుకుంది.

"ఇగో అక్కా, ఇప్పుడొచ్చేది పసుపు. సూడుండ్రి."

అక్షరాలు పరుగెత్తాయి.

"ఇగో, ఇది తెలుపు."

మళ్లీ పరుగెత్తాయి. ఆమె ఆకు కత్తిరించడం ఆపి చూసింది. ఆమెతోపాటు నేనూ చూశాను. అది నలుపు తెలుపు టీవీ. రెండు వరసలూ ఒకేలాంటి తెల్లటి అక్షరాలు. సినిమాలో హీరోయిన్ చీర ఏ రంగో తెలియనట్టే, నా జోకు ఏ రంగో ఆ గదిలో ఎవరికీ తెలియదు. ఆ వాడలో ఇంటింటికీ అవే టీవీలు. ఆ ఇండ్ల కప్పుల మీదికెక్కి వైర్లు లాగినవాణ్ణి నేనే. ఆ టీవీల్లో కొన్నింటికి నేనే ట్యూబులు మార్చాను. అవి నలుపు తెలుపువని నాకు తెలియనిదెప్పుడు? కానీ రంగుల టీవీ ఉన్న గదిలో కూర్చుని రాసేటప్పుడు ఆ సంగతి గుర్తుకు రాలేదు.

"పసుపేడున్నది తమ్మి? జూపియ్యి," అంది ఆమె. ఎగతాళికి కాదు, నిజంగానే అడిగింది.

ఇన్నాళ్లూ అత్తల జోకులకు, సర్కారు జోకులకు వాళ్లు నవ్వింది రంగు చూసి కాదు, మాట చూసి. సాటింపు వేషం కట్టి వచ్చిన జోకును సాటింపనే నమ్మారు. తప్పు వాళ్లది కాదు.

"సార్ మూసేస్తలేడు అక్కా. ఒట్టు. పిల్లను పంపుండ్రి."

"ఇయ్యాల మూసేయకపోతె రేపు మూసేస్తడు. కంప్యూటర్లొచ్చినయని నువ్వే రోజూ రాస్తున్నవ్ గద. నువ్వు రాసిందంత సదివినం తమ్మి. ఇగ గా మిషన్లు నేర్సుకొని ఏం జెయ్యాలె? ఈ నెల ఆకు ఎక్కువిచ్చిండ్రు, చేతులు గావాలె."

 ఆ పిల్ల చేతులు ఆగకుండా తిరుగుతున్నాయి. తువ్వాల కప్పకుండానే, చూడకుండా చుడుతోంది.

ఆ సాయంత్రం తెల్ల అక్షరాల్లో సవరణ కొట్టాను. "టైపు ఇన్‌స్టిట్యూట్ మూసివేయబడలేదు. నడుచుచున్నది." మూడు రోజులు పరుగెత్తింది. దాంతో పని ఇంకా చెడింది. మూసేయలేదని టీవీలో చెప్పుకునే స్థితికి వచ్చాడంటే ఎంత దెబ్బతిన్నాడో పాపం అని బజారంతా అనుకుంది. కలర్ టీవీల వాళ్లు నా దగ్గరికొచ్చి, "గీసారి తెలుపుల గూడ మంచిగ తగిలించినవ్ రా," అని భుజం తట్టారు. భాయ్ తల పట్టుకున్నాడు.

"జోకు జెప్పినంక గది జోకని జెప్తరా అరే? ఇగ ఏం రాయకు. నువ్వు రాసినకొద్ది ఆయన మునుగుతుండు."

ఇరవై రెండులో పదిహేడు మిగిలారు. నేను ఇల్లిల్లూ తిరిగి ఒక పిల్లాణ్ణి వెనక్కి తెచ్చాను. మా లైన్‌మాన్ పది పాసయ్యాడు, వాణ్ణి బతిమాలి పేరు రాయించాను. పంతొమ్మిది. కడపటి రోజు పొద్దున్నే సార్ ఫారాలు బల్ల మీద పరిచి లెక్క పెట్టాడు. ఇంకొక్కటి కావాలి.

"సార్, నేను కూసుంట," అన్నాను.

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "తెలుగు లోయర్ నువ్వు నిద్రల కొడ్తవ్. నాకెరికే. పదో తరగతి సర్టిఫికెట్ ఉండాలె. ఉన్నదా?"

లేదని ఆయనకూ తెలుసు. ఐనా అడిగాడు. ఊళ్లో అందరికంటే బాగా తెలుగు టైపు కొట్టేవాణ్ణి నేనే, ఆ పరీక్షకు పనికిరానివాణ్ణీ నేనే. దీపం అని వెక్కిరించినప్పుడు నేను ఎంత నవ్వానో గుర్తొచ్చింది. పంతొమ్మిది ఫారాలూ ఆయన ఒక రబ్బరు చుట్టి సొరుగులో పెట్టేశాడు.

"వచ్చే ఏడు ఎట్లయిన మూతపడేదే సార్," అన్నాను. ఓదార్పు అనుకుని అన్నాను.

"వచ్చే ఏడు వచ్చే ఏడే. గీ ఏడు ఉండె గద," అన్నాడు. అంతే. కోపంగా అని ఉంటే బాగుండేది.

ఆ తర్వాత ఆయన చిట్టీలు రాలేదు. డబ్బాలో మిగతావాళ్లవి వస్తూనే ఉన్నాయి. కొడుతూనే ఉన్నాను. కానీ ఇంకొకరి మాటకు జవాబు రాసే చేయి నాకు పడిపోయింది. జనం నా చిట్టీల్లో మునుపటి పస లేదనసాగారు. లేదు మరి.

ఎండాకాలం మొదట్లో డబ్బాలో ఒక చిట్టీ దొరికింది. టైపు కొట్టినది.  ఆయన మళ్లీ ఆట మొదలుపెట్టాడనుకున్నాను, నిజం చెప్పాలంటే సంతోషపడ్డాను. విప్పి చదివాను.

"స్టేషన్ రోడ్డులోని టైపు ఇన్‌స్టిట్యూట్ మిషన్లు తూకానికి అమ్మబడును. కావలసినవారు కాటాతో రాగలరు." కింద ఎర్ర పెన్సిలుతో ఒక్క మాట: తెలుపు.

తెలుపులోనే కొట్టాను. ఊరంతా నవ్వింది. కలర్ టీవీల వాళ్లు భాయ్‌తో, మీవాడు రంగు మరిచిపోయాడన్నారు. నలుపు తెలుపు వాళ్లు, మొన్న నమ్మి మోసపోయినం, ఇది గూడ గా పసుపుదే అయ్యుంటది అన్నారు. మర్నాడు డబ్బా నిండిపోయింది. "ఒక మిషన్‌కు ఎన్ని పుట్నాలిస్తరు?" "మా బర్రెకు మెడగంట లేదు, మిషన్ గంట ఊడదీసి ఇయ్యుండ్రి." ఇలాంటివి పదిహేను. వాటిలో ఒక్కటీ కొట్టలేదు. బీడీలు చేసే ఆమె రోడ్డు మీద కనిపించి, "మల్లా జోకేసినవా తమ్మి," అని నవ్వింది. అవునని తల ఊపాను. కాదని చెప్పే ఓపిక లేదు.

 మూడు రోజులు మిషన్లు కొనడానికి ఎవరూ రాలేదు. నాలుగో రోజు నేనే పోయి పాత ఇనుము అతన్ని వెంటబెట్టుకుని వచ్చాను. అతను గుమ్మం దగ్గరే ఆగాడు. "మల్లా నీళ్లు తాపి పంపుతరా?" అన్నాడు.

"లేదన్నా. లోపటికి రా," అన్నాడు సార్.

ఒక్కో మిషన్ నేనే ఎత్తి కాటా మీద పెట్టాను. సార్ కుర్చీలో కూర్చుని చూశాడు. పది అయిపోయాయి. చివరిది తెలుగుది. దాన్ని ఎత్తి పట్టుకుని ఆగాను.

"నీకిస్తననుకున్నవా?" అన్నాడు సార్.

"లేదు సార్."

"మంచిది."

కాటా మీద పెట్టాను.

తర్వాత రెండేళ్లకు మా కేబుల్‌ను పెద్ద కంపెనీ తీసుకుంది. ఊరి అక్షరాలు ఆగిపోయాయి. మా గదిలో కంప్యూటర్ మీద ఇప్పుడు భాయ్ కోళ్లకు జొన్నల డబ్బా పెట్టాడని విన్నాను. సార్ మండలాఫీసు ముందు తడిక నీడలో చిన్న బల్ల వేసుకుని జనాలకు దరఖాస్తులు రాసిపెడుతున్నాడు. చేత్తో. మిషన్ ఉంటే పది నిమిషాల్లో అయ్యేది గంట పడుతుంది.

కేబుల్ పోయాక నా పేరు ఇంటి రేషన్ కార్డులోంచి ఎలాగో ఎగిరిపోయింది. అర్జీ పెట్టుకోవాలి, నా కోడి గెలికిన రాత ఆఫీసులో చెల్లదు. చాలాసేపు దూరంగా నిలబడి, వేరెవరూ రాసేవాళ్లు లేక ఆయన బల్ల ముందే కూర్చున్నాను. ఆయన కాగితం తీశాడు, మార్జిన్ మడత పెట్టాడు. నా బాధ అంతా విన్నాడు. కలం ఎత్తి పట్టుకుని, నావైపు చూడకుండా అడిగాడు.

"ఇదన్న నిజమేనా?"

"నిజమే సార్."

 ఆయన రాయడం మొదలుపెట్టాడు.